ఇంటికి పిలిచే ఈల

మా తమ్ముడు ఎల్ఫెడ్ మాటల మనిషి కాదు. ఎవరైనా ఇంటికొచ్చి పలకరిస్తే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చునేవాడు. వాన పడేట్టుందా అని అడిగితే కిటికీలోంచి ఓసారి చూసి ఊరుకునేవాడు. ఆ నోటికి వచ్చిన విద్య ఒక్కటే, ఈల. చిన్నప్పుడు ఒక పొట్టేలు కుమ్మి వాడి ముందు పళ్ళు రెండు ఊడగొట్టింది. మా అమ్మ లబోదిబోమంది. మా నాన్న మాత్రం చిగుళ్ళు మానేదాకా ఆగి, ఆ సందులోంచి ఈల వెయ్యడం నేర్పేశాడు. అప్పటినుంచి వాడు ఊళ్ళో ఈలల ఎల్ఫెడ్. వేల్స్‌లో మా వైపు సగం మంది జోన్సులు, మిగతా సగం డేవిసులు. ఇలాంటి పేర్లు లేకపోతే మాకు రోజు గడవదు.

కుక్కలకి వాడి ఈలలన్నీ కంఠతా వచ్చు. గొర్రెల్ని ఎడమకి తిప్పడానికొకటి, కుడికొకటి, ఉన్నచోటే పడుకోమనడానికి ఒకటి. అన్నిటికంటే చివరిది రెండు స్వరాల ఈల. మొదటి స్వరం పైకి లేస్తుంది, రెండోది మెల్లగా కిందికి జారుతుంది. పనైపోయింది, ఇంటికి రండి అని దాని అర్థం. అది వినపడితే కుక్కలు ఏ గుట్ట మీదున్నా చెవులు వాల్చుకుని వచ్చేసేవి.

వాడి భార్య మెన్నా పోయేటప్పటికి కూతురు లౌరీ ఇంకా పలకా బలపం పిల్లే. పొద్దు వాలేసరికి అది ఏ వాగులోనో ఏ పొదలోనో ఉండేది. గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలవడం మెన్నా పని. ఆ పని వీడి మీద పడేసరికి గొంతు పెగల్లేదు. ఈల వేశాడు. కుక్కలతోపాటు పిల్లా వచ్చేసింది.

"ఆడపిల్లని కుక్కని పిలిచినట్టు పిలుస్తావేంట్రా, సిగ్గులేదూ?" అని నేను కేకలేశాను.

"వస్తోందిగా అక్కా," అన్నాడు.

కొన్నేళ్ళు అలాగే గడిచింది. లౌరీకి మంచీ చెడూ తెలిసే వయసొచ్చాక ఒకనాడు బడి స్నేహితురాళ్ళు ఇంటికొచ్చి ఉన్నారు. వీడు యథాప్రకారం గుమ్మంలో నిలబడి ఈల వేశాడు. ఆ పిల్లలు పకపకా నవ్వారు. లౌరీ ముఖం కందగడ్డలా చేసుకుని వచ్చి, "నేను కుక్కనా నాన్నా, ఈల వేస్తే రావడానికి?" అని అందరి ముందూ అడిగేసింది.

ఆ తర్వాత వాడు కూతురి కోసం ఈల వెయ్యలేదు. పోనీ పేరు పెట్టి పిలిచాడా, అదీ లేదు. కౌల్ పులుసు కాచి, గొర్రెమాంసం ముక్కలూ లీకు ఉల్లికాడల ముక్కలూ గిన్నెల్లో పోసి, గుమ్మంలోకి వెళ్ళి ఊరికే నిలబడేవాడు. అది చూస్తే వచ్చేది, చూడకపోతే లేదు. గిన్నెల్లో పులుసు మీద కొవ్వు గడ్డకట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది. "పేరుతో పిలిస్తే నీ నోరేం అరిగిపోతుందిరా?" అంటే, "అలవాటు లేదక్కా," అనేవాడు. అలవాట్ట! కన్నకూతుర్ని పిలవడానికి!

లౌరీకి గుర్రాల పిచ్చి. ఆ పిచ్చి పట్టించింది కూడా వీడే. వాడి ఆడగుర్రం ఒకటి ఈనుతూ చచ్చిపోతే, దాని పిల్లని గొర్రెల కొట్టంలో పెట్టి సీసాతో పాలు పట్టి బతికించాడు. దానికి గ్వెన్నోల్ అని పేరు పెట్టింది లౌరీ. పొలాల మీద నేలబారుగా ఎగిరే చిన్న పిట్ట పేరది. కుక్కల మధ్య పెరిగింది కాబట్టి ఆ గుర్రప్పిల్ల కుక్కల చదువే చదివింది. సాయంత్రం రెండు స్వరాల ఈల పడిందంటే కుక్కలు, వాటి వెనక గ్వెన్నోల్, కొట్టం గుమ్మం దగ్గర బారులు తీరేవి. చూసినవాళ్ళందరూ నవ్వుకునేవారు. ఆ నవ్వు తర్వాత ఏడుపవుతుందని ఎవరికి తెలుసు?

ఎల్ఫెడ్ పొలం వెనక గట్టు దాటితే ఒకప్పుడు బొగ్గు గోయి ఉండేది. నేలని పైనుంచి తవ్వుకుంటూ పోయిన గోయి అది. మా చిన్నతనమంతా ఆ దుమ్ము మా దుప్పట్ల మీదే. మా దిగువ పొలాలు కూడా అందులోకే పోయాయి. బొగ్గు అయిపోయాక గోతిని పూడ్చి, పైన గడ్డి నాటి, ఇక్కడ గుర్రప్పందేల మైదానం కడుతున్నామన్నారు. మేం నమ్మలేదు. వేల్స్‌లో కొత్తగా పందేల మైదానం లేవడం మా ఈడువాళ్ళెవరూ చూడలేదు. మా చాపెల్ పెద్దలు పందెం పాపం అని ఒక ఆదివారమంతా గొంతు చించుకున్నారు. ప్రారంభం రోజున వాళ్ళందరూ ముందు వరసలోనే కూర్చున్నారట, అది వేరే సంగతి.

మైదానం అవతలి వంపు సరిగ్గా ఎల్ఫెడ్ గొర్రెల కొట్టం వెనకనుంచే పోతుంది. గట్టెక్కితే తెల్ల రెయిలింగు, దాని అవతల గుర్రాలు దూకే కంచె. జనం కూర్చునే మేడలకి అది ఆమడ దూరం, వాడి వంటింటికి మాత్రం పెరడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అప్పటికే లౌరీ జాకీ అయింది. మా ఊరి అవతల గుర్రాలకి శిక్షణ ఇచ్చే ప్రోబర్ట్ దగ్గర పని చేసేది. గ్వెన్నోల్ కూడా అక్కడే ఉండేది. మైదానం తెరవక ముందు, వసంతంలో, చుట్టుపక్కల గుర్రాల్ని అక్కడ పరుగెత్తించి చూసుకోనిచ్చారు. లౌరీ గ్వెన్నోల్‌ని దౌడు తీయిస్తూ అవతలి వంపులోకొచ్చింది. అదే సమయానికి ఎల్ఫెడ్ గట్టు ఇవతల గొర్రెలు తోలడం ముగించి, కుక్కల్ని ఇంటికి పిలుస్తూ ఈల వేశాడు. వాడికి గుర్రమూ కనపడలేదు, కూతురూ కనపడలేదు. గ్వెన్నోల్‌కి మాత్రం ఈల వినపడింది. అంత వేగంలోనూ అడ్డంగా తిరిగి, రెయిలింగు దూకి, ఇంటి దారి పట్టింది. లౌరీ గాల్లోకి లేచి గట్టు మీద పడింది. భుజం ఎముక పుటుక్కుమంది.

మర్నాడు ప్రోబర్ట్ ఎల్ఫెడ్ వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. నేను అక్కడే గుడ్లు ఏరుతున్నాను.

"ఏవోయ్, గుర్రాన్ని పెంచావా, గొర్రెల కుక్కని పెంచావా? పందెం రోజున నీ నోట్లోంచి కుయ్యిమన్నా ఊరుకోను. కావాలంటే కుట్టేసుకో."

ఎల్ఫెడ్ తల దించుకుని విన్నాడు. లౌరీ చేతికి కట్టుతో వంటింట్లో కూర్చుని ఉంది. వీడు లోపలికెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. క్షమించమని అడుగుతాడేమో అనుకున్నాను. నోరు తెరిచి మూసేశాడు.

"నాన్నా, ప్రారంభం రోజున మొదటి పందెంలో నన్ను ఎక్కిస్తానన్నాడు ప్రోబర్ట్," అంది లౌరీ. "ఇదొక్కటీ చెడగొట్టకు. నిన్ను ఇంకేం అడగను."

"వెయ్యను," అన్నాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు మా మొండోడు. ఈల పూర్తిగా మానేశాడు. కుక్కలకీ వెయ్యలేదు. పొలంలో నిలబడి "ఎడమకి! ఎడమకే వెధవా!" అని అరిచేవాడు. ఆ కుక్కలు ఎవర్ని తిడుతున్నాడో తెలియక వాడి ముఖంలోకి చూస్తూ కూర్చునేవి. గొర్రెలు వెళ్ళి పాస్టరు గారి క్యాబేజీ తోటలో పడ్డాయి. ఊరంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడు రోజురోజుకీ ఎండిపోతున్నాడు.

ప్రారంభానికి ముందు మా ఇంటికొచ్చాడు. "అక్కా, కొత్త సంవత్సరానికి చేస్తావే, ఆ నల్ల టాఫీ చెయ్యి. పళ్ళకి పట్టేసేది."

"మండు వేసవిలో టాఫీ ఏంట్రా?"

"నా నోటిని నేను నమ్మలేను. గుర్రాలు దగ్గరికొస్తే నాకు తెలియకుండానే వేసేస్తానేమో. నోరు నిండా ఉంటే వెయ్యలేను కదా."

అంత పొడుగు మాట వాడి నోట విని ఎన్నేళ్ళయిందో! గుండె తరుక్కుపోయింది. పొయ్యి మీద నల్ల పాకం పెట్టి, ఎప్పటికంటే ఇంకాస్త ముదరనిచ్చి, రాయిలాంటి టాఫీ చేసిచ్చాను.

ఆ రోజు ఎండ కాసింది. మా సన్న దారుల్లో కార్లు తోకలు తోకలుగా నిలిచిపోయాయి. అద్దం దింపి దారి అడిగినవాళ్ళే గాని కదిలినవాళ్ళు లేరు. పొద్దున్నే లౌరీ ఇంటికొచ్చింది, బూట్లు చేత్తో పట్టుకుని.

"మేడల్లోకి రావచ్చుగా నాన్నా. నీ పేరు మీద సీటుంది."

"ఇక్కడే ఉంటా."

"గట్టు మీదా?"

"ఊఁ."

ఆమె నావైపు తిరిగింది. "అత్తా, ఆయన్ని చూస్కో." అంతే, వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఒక్కసారైనా వెనక్కి తిరుగుతుందని వాడు గుమ్మంలో నిలబడే ఉన్నాడు. జాగ్రత్త అని ఒక్క మాట అనొచ్చుగా? అనడు.

కుక్కల్ని కొట్టంలో పెట్టి గొళ్ళెం వేశాం. గట్టెక్కి రెయిలింగు దగ్గర నిలబడ్డాం. ఆ వైపు మేమూ, కంచె దగ్గర కాపలా ఉన్న ఇద్దరు కుర్రాళ్ళూ తప్ప మనిషి లేడు. దూరంగా మేడల దగ్గర బ్యాండు మోగింది, ఎవరో రిబ్బను కత్తిరించినట్టున్నారు, చప్పట్లు వినపడ్డాయి. ఎల్ఫెడ్ జేబులోంచి టాఫీ తీసి పెద్ద ముక్కలు రెండు బుగ్గల్లో కుక్కుకున్నాడు. ఇంకొకటి ముందు పళ్ళ సందుకి అడ్డంగా అదిమి పెట్టాడు. దవడలు బిగుసుకుపోయాయి.

"ఊపిరి ఆడుతోందా?" అన్నాను.

తలూపాడు.

గుర్రాలు బయల్దేరాయి. ముందు చప్పుడు రాలేదు, రంగులే కదిలాయి. తర్వాత కాళ్ళ కింద నేల అదిరింది. మొదటి చుట్టులో మా ముందునుంచి పోయేటప్పుడు గ్వెన్నోల్ గుంపు మధ్యలో ఉంది. ఇల్లు కనపడిందో, వాసన తగిలిందో, ఒక చెవి మావైపు తిప్పింది. ఎల్ఫెడ్ రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. లౌరీ పగ్గం సర్దింది, గుర్రం కంచె శుభ్రంగా దాటింది, పోయింది.

"దాటిందిరా!" అని వాడి వీపు చరిచాను. వాడు కళ్ళు తెరిచాడు. నోరు మూసుకుని నవ్వాడు, పెదాల చివరినుంచి నల్లటి పాకం కారింది.

చివరి చుట్టు. మైకులో మనిషి గొంతు పెంచాడు. గ్వెన్నోల్ ముందుకొచ్చేసింది. దాని ముందు రెండే గుర్రాలున్నాయి. లౌరీ పసుపు టోపీ నాకు స్పష్టంగా కనపడుతోంది. కంచె దగ్గరికొచ్చేసరికి ముందున్న ఎర్ర గుర్రం కాలు తగిలి అవతల పిల్లిమొగ్గ వేసింది. గ్వెన్నోల్ గాల్లో ఉండగానే పక్కకి మెలిక తిరిగి దాన్ని తప్పించుకుంది. గుర్రం నిలబడింది. పైన లౌరీ లేదు.

పడిపోయిందనుకున్నాను. పడితే లేచేది. పడలేదు. కాలు జీను రికాబులో ఇరుక్కుంది. గుర్రం పక్కన తలకిందులుగా వేలాడుతోంది, టోపీ నేలకి కొట్టుకుంటోంది, గ్వెన్నోల్ బెదిరి ఇంకా వేగం పెంచింది. ఎదురుగా ఇంకో కంచె. ఆ పిల్లని వేలాడేసుకుని అది ఆ కంచె దూకిందా, ఇంకేం మిగలదు.

కాపలా కుర్రాళ్ళు అరుస్తూ పరిగెత్తారు. పరిగెత్తే గుర్రాన్ని మనిషి అందుకోవడమేమిటి?

"ఎల్ఫెడ్! ఈల వెయ్యరా!" అని అరిచాను.

వాడు నావైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను. వసంతంలో ఈ ఈలకే అది ఎలా తిరిగిందో, కూతుర్ని ఎలా విసిరేసిందో వాడి కళ్ళలో కనపడింది. ఈల వేస్తే గుర్రం చంపుతుందేమో. వెయ్యకపోతే పిల్ల తప్పక చస్తుంది. ఒక్క క్షణమే ఆగాడు. గుండెల నిండా గాలి పీల్చి ఊదాడు.

చప్పుడు రాలేదు. తుస్సుమని గాలి, దాంతో నల్ల తుంపర. టాఫీ సందుకి అతుక్కుపోయింది.

నాకు తెలియకుండానే వాడి దవడ పట్టుకుని నోట్లో వేళ్ళు పెట్టాను. వాడూ తన వేళ్ళు పెట్టాడు. ఇద్దరం కలిసి పెకిలిస్తున్నాం. అది రాదే! రాయిలా చేశాను కదా, ఎప్పటికంటే ముదరనిచ్చాను కదా! గోరు విరిగింది, వాడి చిగురు చీరుకుపోయి నెత్తురొచ్చింది, కంగారులో నా వేలు కొరికేశాడు. గుర్రం దూరమైపోతోంది. ముక్క ఊడొచ్చింది. వాడు దాన్ని ఉమ్మేసి, నెత్తురు మింగి, ఈల వేశాడు.

మొదటి స్వరం పైకి లేచింది. రెండోది కిందికి జారింది.

కొట్టంలో కుక్కలన్నీ ఒక్కసారి తలుపు మీద పడ్డాయి. అవతల గ్వెన్నోల్ చెవులు వెనక్కొచ్చాయి. ఇంకో నాలుగు అంగలు వేసింది, కంచె దాని ముఖం మీదికొచ్చేసింది. ఎల్ఫెడ్ మళ్ళీ వేశాడు, ఈసారి మెల్లగా, చాలా మెల్లగా, సాయంత్రం గుమ్మంలో నిలబడి వేసినట్టు. గుర్రం వేగం తగ్గించింది. దౌడు నడక అయింది. వసంతంలోలా విరుచుకుని తిరగలేదు. పక్కన వేలాడే బరువు ఏమిటో దానికి తెలిసినట్టు, కాళ్ళు ఎత్తెత్తి పెడుతూ విశాలంగా చుట్టు తిరిగి, మావైపు వచ్చి రెయిలింగు దగ్గర ఆగింది. నిలువెల్లా వణుకుతోంది.

ఎల్ఫెడ్ రెయిలింగు కిందినుంచి దూరి వెళ్ళాడు. ఒక చెయ్యి గుర్రం మెడ మీద, ఒక చెయ్యి కూతురి బూటు మీద. బూటు మెలితిప్పి కాలు బయటికి తీశాడు. లౌరీని గడ్డి మీద పడుకోబెట్టాడు. కళ్ళు తెరిచే ఉంది.

"గ్వెన్నోల్‌కి దెబ్బ తగిలిందా?" అంది.

"లేదు," అన్నాడు ఎల్ఫెడ్. ఆ మాటతో వాడు కూలబడి ఏడ్చాడు. మెన్నా పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అంబులెన్సు వాళ్ళు ముందు వాడి నోటి నెత్తురు చూసి, దెబ్బ తిన్నది వాడేననుకున్నారు.

కాలు రెండు చోట్ల విరిగింది, పక్కటెముకలు చిట్లాయి. ఆసుపత్రికి ప్రోబర్ట్ కూడా వచ్చాడు, టోపీ చేతుల్లో నలుపుకుంటూ. "ఓల్వెన్ గారూ, మీ తమ్ముడితో నేనన్న మాటలు..." అని నాతో మొదలెట్టాడు. "వాడు అక్కడే ఉన్నాడు, వాడితోనే చెప్పండి," అన్నాను. వెళ్ళి ఎల్ఫెడ్ పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు గోడ వంక చూశారు, మగాళ్ళకి అదే క్షమాపణ కాబోలు.

ఒకనాడు ఎల్ఫెడ్ టీ తేవడానికెళ్ళినప్పుడు లౌరీ నాతో చెప్పింది. "ఆకాశం కిందా, నేల పైనా ఉన్నాయత్తా. ఇక అయిపోయిందనుకున్నా. అప్పుడు ఈల వినపడింది. గుర్రాన్ని పిలిచినట్టు లేదు. నన్ను పిలిచినట్టుంది. కౌల్ చల్లారిపోతుంది కాబోలు అనుకున్నా. పిచ్చిదాన్లా అప్పుడదే అనుకున్నా."

"ఆ మాట మీ నాన్నతో చెప్పు."

"ఎలా చెప్పను? కుక్కనా అన్న నోటితో?"

తండ్రికి తగ్గ కూతురు. నాకు ఇద్దర్నీ చెరో చెంపదెబ్బ కొట్టాలనిపించింది.

ఆకులు రాలే రోజులకి ఇంటికొచ్చింది, గ్వెన్నోల్‌ని కూడా ప్రోబర్ట్ ఇక్కడికే పంపేశాడు. చంక కర్రలతో మెల్లగా నడిచేది. సాయంత్రాలు గట్టెక్కి కూర్చుని, కింద మైదానంలో గడ్డి కోసే బండి తిరుగుతుంటే చూసేది. ఒక సాయంత్రం నేను కూడా అక్కడే ఉన్నాను. కౌల్ కాగింది. ఎల్ఫెడ్ గిన్నెల్లో పోసి, చేతులు తుడుచుకుని, గుమ్మంలోకెళ్ళి నిలబడ్డాడు. గట్టు మీద పిల్ల వీపు కనపడుతోంది. వాడు నిలబడే ఉన్నాడు. నేను నాలుక కరుచుకుని కూర్చున్నాను.

లౌరీ తిరిగి చూసింది.

"నాన్నా!" అని కేకేసింది. "అలా గుడ్లప్పగించి నిలబడితే కౌల్ చల్లారిపోదూ? పిలవ్వేం?"

వాడు నావైపు తిరిగాడు. ఏం చెయ్యమంటావన్నట్టు చూశాడు.

"పిలవరా," అన్నాను.

ఈల వేశాడు. మొదటి స్వరం కొంచెం వణికింది, రెండోది సరిగ్గా జారింది. ముందు కుక్కలొచ్చాయి. పాకలోంచి గ్వెన్నోల్ తల బయటపెట్టింది. అన్నిటికంటే వెనక లౌరీ, కర్రలు జారిపోతున్నాయని గట్టుని తిట్టుకుంటూ, దిగి వచ్చింది. వాడు గుమ్మంలోంచి పక్కకి జరిగి దారిచ్చాడు. గిన్నెల్లో కౌల్ ఇంకా వేడిగానే ఉంది.